తోడక్క టోకెను

మా ఆస్పత్రిలో మంచాలు లేవు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. కొత్తవాళ్ళు దుప్పటి, ఫ్లాస్కు, బట్టల సంచీ సర్దుకుని మరీ వస్తారు. "వార్డు ఎటండీ?" అని అడుగుతారు. వార్డు లేదండీ, మనసు బాగాలేనివాళ్ళు పగలు వచ్చి, మాట్లాడి, మందులు రాస్తే తీసుకుని, తిరిగి ఎవరింటికి వాళ్ళు వెళ్ళే చోటు ఇది అని చెబితే, నేనేదో మంచాలు దాచిపెట్టుకుని లేవంటున్నట్టు చూస్తారు.

మూడు గదులు, ఒక హాలు, హాల్లో గోడ పొడుగునా బెంచీలు, తలుపు పక్కన నా కౌంటరు. టోకెన్లు ఇవ్వడం, నంబర్లు పిలవడం నా పని. పేర్లు పిలవం. ఎదురు బెంచీ మీద పక్కింటివాళ్ళు కనిపిస్తే వచ్చినవాళ్ళు సిగ్గుతో చచ్చిపోతారని మొదటినుంచీ నంబర్లే. ఇన్నేళ్ళు ఇక్కడ కూర్చున్నాక నాకు జనం మీద జాలి కొంత తగ్గి, విసుగు కొంత పెరిగింది. దాన్ని దాచుకునే ఓపిక కూడా ఇప్పుడు లేదు.

ఆ విసుగుని రోజూ నవ్వుతూ భరించిన మనిషి తోడక్క. జబ్బుపడి లేచినవాళ్ళే కొత్తగా వచ్చినవాళ్ళకి తోడుండడం మా దగ్గర పద్ధతి. ఊరికే ఉండమనరు. కొన్నాళ్ళు శిక్షణ ఇస్తారు, జీతం ఇస్తారు, 'తోడు' అని రాసిన నీలం బ్యాడ్జీ ఇస్తారు. మా దగ్గర అలాంటివాళ్ళు నలుగురైదుగురు ఉన్నా, తోడక్క అనే పేరు మాత్రం ఆమెకే అతుక్కుంది. నేను ఆమెను వదినా అంటాను, ఆమె నన్ను వదినా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. ఒక వయసు దాటిన ఆడవాళ్ళు పేరు పెట్టి పిలుచుకోలేక కలుపుకునే వరస అది.

ఆమె పని ఇలా ఉండేది. కొత్తవాళ్ళ నంబరు నేను పిలుస్తాను. వాళ్ళు లేవరు. మొదటిరోజు ఎవరూ ఒక్క పిలుపుకి లేవరు. టోకెను చేతిలో నలుపుతూ, తమది కానట్టు అటూ ఇటూ చూస్తారు. అప్పుడు తోడక్క వెళ్ళి చెయ్యి చాపుతుంది. "రామ్మా, నాతో రా" అంటుంది. ఆ చెయ్యి పట్టుకుని లోపలికి పోతారు. అక్కడ గదిలో ఒక నియమం ఉంది. ముందు నాది, తర్వాత నీది. అంటే ముందు తోడు మనిషి తన సంగతి చెప్పాలి, ఆ తర్వాతే ఎదుటివాళ్ళని అడగాలి. మన గుట్టు విప్పకుండా ఎదుటివాళ్ళ గుట్టు అడిగితే అది పోలీసు పని అవుతుందని, గదిలో అందరితో మాట్లాడి వైద్యం చూసే మా కౌన్సిలరమ్మ అంటుంది.

తోడక్క సంగతి నాకు కంఠతా వచ్చు. నా కౌంటరుకీ ఆ గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ.

"నేను బట్టల ఫ్యాక్టరీలో చొక్కా చేతులు కుట్టేదాన్నమ్మా. ఒళ్ళు ఒకరు కుడతారు, కాలరు ఒకరు, నావి చేతులు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా చేతులే. ఒకరోజు సూపర్‌వైజరు నా బల్ల దగ్గరికొచ్చి ఒక చొక్కా తీసి చెయ్యి దూర్చాడు. దూరింది గానీ బయటికి రాలేదు. నేను చేతి చివర కూడా కుట్టేశాను, తలగడ గలీబులాగ. ఇంకోటి తీశాడు. అదీ అంతే. ఆ పూట కుట్టినవన్నీ మూతులు మూసేసి పెట్టాను. 'ఇవి చొక్కాలా, కూరగాయల సంచులా?' అన్నాడు."

ఇక్కడ కొత్తవాళ్ళు నవ్వేవారు. వాళ్ళు నవ్వుతారని ఆమెకి తెలుసు, ఆ నవ్వు కోసం ఒక్క క్షణం ఆగేది.

"నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంటికెళ్ళి గిన్నెలు కడుగుదామని కుళాయి తిప్పాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి కట్టేసేదాకా అలాగే నిలబడ్డాను. అప్పుడు తీసుకొచ్చారు ఇక్కడికి." ఇక్కడ వాళ్ళు ముక్కు ఎగబీల్చే చప్పుడు వినిపించేది. చివర్న ఎవరో ఒకరు అడుగుతారు, "మరి తగ్గిపోయిందా అక్కా?" అని. ఆమె అనేది, "తగ్గకపోతే ఇక్కడ ఎందుకు కూర్చుంటాను? నన్ను చూడండి."

ఆ మాట పట్టుకుని ఎంతమంది లేచి నిలబడ్డారో నేను చూశాను. మందులు వద్దని విసిరికొట్టినవాళ్ళు కూడా "తోడక్కలాగా అవుతామా?" అని అడిగి మరీ వేసుకున్నారు. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మొదట్లో ఆమెను మా దగ్గరికి తెచ్చినన్నాళ్ళూ, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నానని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. "ఇన్నాళ్ళు తిరిగినా కళ్ళద్దాలు ఇవ్వని ఆ కంటి డాక్టరెవడ్రా?" అని వాళ్ళక్క నిలదీస్తే నీళ్ళు నమిలాడు. బ్యాడ్జీ వచ్చాక అదే మనిషి, అదే తలుపు దగ్గర ఆమెను దింపుతూ, "మా ఆవిడకి ఆస్పత్రిలో ఉద్యోగమండీ, డాక్టర్లకే పాఠం చెబుతుంది" అని నాకు కూడా చెప్పాడు. నేనేదో ఆస్పత్రికి కొత్తదాన్నయినట్టు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ బ్యాడ్జీ ఆమెకి ఎంతో మీకు తెలియాలి. అది జీతం ఒక్కటే కాదు. తను బాగుండడమే తన పని. తను బాగోలేకపోతే 'నన్ను చూడండి' అన్న మాట అబద్ధమైపోతుంది, ఆ మాట నమ్మినవాళ్ళందరూ దానితోపాటు కూలిపోతారు. ఆమె అలా అనుకుంది. అందుకే తనకి జబ్బు మళ్ళీ మొదలైనప్పుడు ఎవరికీ చెప్పలేదు.

అదే రోజుల్లో డ్రైవరుగారు వచ్చాడు. సిటీ బస్సు నడిపేవాడు. ఆయన జీవితంలో ప్రమాదం ఏమీ జరగలేదు. అందరూ ముందు అదే అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఒక సాయంత్రం స్టాండులో బస్సు నిండా జనం ఉండగా స్టీరింగు మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయాడు. తాళం తిప్పలేదు, దిగలేదు. జనం అరిచారు, బస్సు పక్కలు బాదారు, ఒకాయన ఫోనులో వీడియో తీశాడు. చివరికి ఇంకో డ్రైవరు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి దింపాడు. ఆ తర్వాత ఆయన బస్సు నడపడం సరే, ఎక్కలేకపోయాడు కూడా. మా ఆస్పత్రికి నడిచి వచ్చేవాడు, ఎంత దూరమో పాపం. చొక్కా వీపు తడిసిపోయి, చెప్పుల నిండా దుమ్ముతో వచ్చి బెంచీ చివర కూర్చునేవాడు. నోరు మెదిపేవాడు కాదు.

మా కౌన్సిలరమ్మ ఎవరినీ మీకేమైందని అడగదు. "మీకు ఏది తిరిగి కావాలి?" అని అడుగుతుంది. దాన్నిబట్టి, దర్జీ కొలతలు తీసినట్టు, ఒక్కొక్కరికీ వైద్యం వేరుగా కొలుస్తుంది. ఒకమ్మాయి నా జడ నేను వేసుకోవాలి అంది. ఒక పెద్దాయన ఫోను మోగితే ఎత్తాలి అన్నాడు. డ్రైవరుగారు ఒక్క మాట అన్నాడు, "బస్సు."

అలా వచ్చింది ఆ పాత బస్సు సంగతి. మాకు నడిచివెళ్ళేంత దూరంలో ఒక డిపో ఉంది. దాని వెనక మూల, ప్రహరీ పక్కన, ఇంజను పీకేసిన బస్సొకటి పడి ఉంది. టైర్లలో గాలి లేదు, సీట్ల రెక్సిను చిరిగి లోపలి స్పాంజి బయటికొచ్చింది. కౌన్సిలరమ్మ వెళ్ళి డిపో పెద్దాయనతో మాట్లాడి, గురువారం మధ్యాహ్నాలు దానిలో కూర్చోవడానికి అనుమతి తెచ్చింది. ఆయన మొదట ఇదేం వైద్యమమ్మా అన్నాడట. కదలని బస్సుకి భయపడేదేముందని ఒప్పుకున్నాడట.

వైద్యం ఏమిటంటే, మొదటి వారం ఆయన, తోడు మనిషి ఇద్దరూ వెళ్ళి చివరి వరసలో కూర్చోవాలి. ఊపిరి కుదుటపడేదాకా కూర్చుని దిగిపోవాలి. ఆ తర్వాత ఆయనకి కుదిరినప్పుడు ఒక్కో వరస ముందుకి. అంతే. డ్రైవరు సీటు చేరేదాకా ఎవరూ తొందరపెట్టకూడదు. తోడుగా తోడక్క.

మొదటి గురువారం ఆయన మెట్టు మీద కాలు పెట్టి, తీసి, పెట్టి, తీసి, చివరికి ఎక్కాడు. చివరి వరసలో ఆమె పక్కన కూర్చుని చెమటలు కక్కాడు. ఆమె తన సంగతి చెప్పింది, చేతులు, కుళాయి, అన్నీ. ఆయన నవ్వాల్సిన చోట నవ్వలేదు. కిటికీ చువ్వలు చూస్తూ విన్నాడు. తనది చెప్పడానికి ఆయనకి చాలా వారాలు పట్టింది. చెప్పినరోజు కూడా ఎక్కువేం చెప్పలేదు. "అక్కా, నేను ఎవర్నీ గుద్దలేదు. ఎవర్నీ దింపకుండా పోలేదు. ఏళ్ళ తరబడి ఒక్క రోజు లేటు లేదు. ఆ రోజు నాకు తాళం తిప్పడం ఎందుకో తెలియలేదు. అంతే. అలిసిపోయానేమో" అన్నాడట.

వారాలు గడిచినకొద్దీ ఆయన ముందుకి జరిగాడు. మధ్యలో ఒకసారి వెనక్కి కూడా వెళ్ళాడు. వాళ్ళు వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు కౌంటరు ముందునుంచే పోవాలి కాబట్టి నాకు తెలిసేది. "ఇవాళ ఎన్నో వరస వదినా?" అని అడిగేదాన్ని. "ఒకటి ముందుకి" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ముఖంలో వెలుగుండాలి కదా. నాకేం కనిపించలేదు. ఎండలో నడిచి వచ్చింది, నాకే ఇక్కడ ఫ్యాను కింద ప్రాణం విసుగ్గా ఉంది, ఆమెకి ఉండదా అనుకున్నాను.

ఆ మధ్యలోనే ఆమె ఒకసారి నోరు తెరిచింది. అదీ అందరి ముందు. కొత్తగా తోడు పనికి వచ్చినవాళ్ళకి పెద్ద గదిలో శిక్షణ జరుగుతోంది. మన సంగతి ఎలా మొదలుపెట్టాలో ఒకసారి చెప్పి చూపించమని కౌన్సిలరమ్మ ఆమెను అడిగింది. తోడక్క లేచి నిలబడి, చేతుల కథ మొదలుపెట్టబోయి ఆగిపోయిందట. తర్వాత ఇలా అందట: "నాకు నిద్ర పట్టట్లేదు. పొద్దున కాలు నేల మీద పెట్టాలంటే, ఎవరో వచ్చి పెట్టిస్తే బాగుండుననిపిస్తుంది. అన్నం డబ్బా తెచ్చుకుంటాను, మూత తియ్యకుండా తీసుకెళ్ళిపోతాను. ఎవరైనా పలకరిస్తే, త్వరగా అయిపోతే బాగుండుననిపిస్తుంది. నాకు భయంగా ఉంది."

చప్పట్లు నాకు కౌంటరు దాకా వినిపించాయి. అప్పటి బాధ ఇప్పుడే పడుతున్నట్టు ఎంత బాగా చెప్పిందో చూశారా అని కౌన్సిలరమ్మ మిగతావాళ్ళతో అంది. ఇది ఇంకెక్కడా జరగదు. ఇంకే ఆఫీసులోనైనా ఒక మనిషి లేచి నాకు భయంగా ఉందంటే మంచినీళ్ళయినా ఇస్తారు. మా దగ్గర బాధ చెప్పుకోవడమే ఉద్యోగం కాబట్టి చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాక, కాదండీ, ఇది నిజంగానే అనడం ఎలా? ఆమె నవ్వేసి కూర్చుంది.

నాకు ఇప్పటికీ ఆ చప్పట్లు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో కూడా తెలియదు. అక్కడున్నవాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇక ఆ గురువారం. డ్రైవరుగారు పొద్దున టోకెను తీసుకునేటప్పుడే, "ఇవాళ సీట్లో కూర్చుంటానండి" అన్నాడు. నాతో ఆయన అంతకు ముందు పూర్తి వాక్యం మాట్లాడిన గుర్తులేదు. తోడక్క వెనకే ఉంది. భుజానికి సంచీ తగిలించుకుని, రెండు చేతులతో దాని తాడు పట్టుకుని నిలబడింది. ఇద్దరూ వెళ్ళారు. ఆ తర్వాత జరిగింది వాళ్ళిద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. రెండు చెప్పడాలకీ తేడా లేదు.

ఆయన బస్సెక్కి, వరసలన్నీ దాటి, సీటు వెనక కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు. స్టీరింగు మీద దుమ్ము చేత్తో తుడిచాడు. చేతులు బిగుసుకోలేదు. వేళ్ళు తెరిచి, మూసి, తెరిచి చూసుకున్నాడు. అన్నీ తన మాట వింటున్నాయి. ఆ తర్వాత ఏళ్ళ అలవాటు కొద్దీ తలెత్తి పైన ఉన్న అద్దంలోకి చూశాడు. లోపల జనం కనిపించే అద్దం అది. బస్సు తీసేముందు ఏ డ్రైవరైనా దానిలో ఒకసారి చూస్తాడట, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారా, దిగాల్సినవాళ్ళు దిగారా అని.

అద్దంలో ఖాళీ సీట్లు వరసగా కనిపించాయి. అన్నిటికన్నా వెనక, చివరి వరసలో, కిటికీ చువ్వకి తల ఆనించుకుని తోడక్క కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఆమె ఆయన్ని చూడడం లేదు. దేన్నీ చూడడం లేదు.

మొదటి వారం కూర్చున్న చోటే అది. ఆయన ఒక్కో వరస ముందుకి జరుగుతుంటే ఆమె జరగలేదు. ఆయనకి అది తెలుసు. వెనకనుంచి గొంతు వినిపించేది, "ఇక్కడే ఉన్నాను తమ్ముడూ" అని, ప్రతివారం కొంచెం దూరంగా. కానీ ఆయన అదంతా వైద్యమే అనుకున్నాడు. తనకి నయమవుతున్నకొద్దీ తోడు మనిషిని దూరం జరగమని డాక్టర్లు చెప్పి ఉంటారనుకున్నాడు. తెలివైన పద్ధతే పెట్టారని మనసులో మెచ్చుకున్నాడు కూడా. అద్దంలో ఆమె ముఖం చూసేదాకా.

"ఆ ముఖం నాకు తెలుసండీ" అన్నాడు నాతో. "స్టాండులో ఆ రోజు వీడియోలో ఉన్నది ఆ ముఖమే. నాది."

ఆయన సీట్లోంచి లేవకుండా అద్దంలోకే చూస్తూ అడిగాడు, "అక్కా, ఇది వైద్యంలో భాగమా?"

"ఏది తమ్ముడూ?"

"మీరు వెనకే ఉండిపోవడం."

ఆమె ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకుందట. శిక్షణలో నేర్పిన మాటలు ఎన్ని లేవు. అయినా "కాదు" అంది. "ప్రతివారం నీ వెనక సీటు దాకా వద్దామనే అనుకున్నాను. లేవలేకపోయాను."

ఆయన స్టీరింగు వదిలి లేచాడు. ఎన్ని వారాలుగా దాటిన వరసలో, అన్నీ ఒక్కసారిగా వెనక్కి నడిచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "నాది చెప్పేశాను కదక్కా" అన్నాడు. "ఇక మీది."

"నేను బట్టల ఫ్యాక్టరీలో చొక్కా చేతులు..." అని మొదలుపెట్టింది ఆమె. వేరే మొదలు ఆమెకి రాదు.

"అది కాదక్కా. అది విన్నాను. ఈ వారంది చెప్పండి."

ఈ వారంది చెప్పడం ఆమెకి చేతకాలేదు. నవ్వించే చోటు లేదు, ఆగే చోటు లేదు. పొద్దున లేవడం గురించి కొంత చెప్పింది, తినని అన్నం గురించి కొంత. వంటింట్లో కుళాయి ముందు మొన్న మళ్ళీ నిలబడిపోయానని, ఈసారి అమ్మాయి చూడలేదని చెప్పింది. "ఇది తెలిస్తే బ్యాడ్జీ తీసేసుకుంటారు తమ్ముడూ. మా ఆయన మళ్ళీ కంటి డాక్టరని చెప్పుకు తిరగాలి. నీకు నన్ను చూడమని చెప్పానే, ఏముందిక్కడ చూడ్డానికి?" అంది.

"నాకేం చెప్పాలో తెలియట్లేదక్కా" అన్నాడు డ్రైవరుగారు. "మీరైతే ఏదో ఒకటి చెప్పేవాళ్ళు."

"నాకూ ఎప్పుడూ తెలియలేదు" అంది ఆమె.

ఇద్దరూ అలా కూర్చున్నారు. ఆయన జీవితంలో ఎంతో ముఖ్యమైన రోజు అది, తన సీట్లో తను మళ్ళీ కూర్చున్న రోజు. దాని గురించి ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. కాసేపటికి డిపో కాపలాదారు వచ్చి బస్సు పక్కన తట్టి, టైమైపోయిందండీ అన్నాడు. దిగి నడిచి వచ్చారు.

అప్పటికి మా హాలు పలచబడింది. బెంచీల మీద అక్కడక్కడ మనుషులున్నారు, నేను లెక్కలు సరిచూసుకుని సొరుగు మూస్తున్నాను. డ్రైవరుగారు కౌంటరు ముందుకొచ్చి, "ఒక టోకెను కావాలండి" అన్నాడు.

"మీ టోకెను పొద్దునే ఇచ్చాను కదండీ" అన్నాను.

"నాకు కాదు."

కొత్తవాళ్ళని ఎవర్నో తీసుకొచ్చాడేమోనని ఆయన వెనక చూశాను. తోడక్క తప్ప ఎవరూ లేరు. ఇంకా పక్కకి వంగి తలుపు దాకా చూశాను. నిజంగానే ఎవరూ లేరు.

ఆమె ముందుకొచ్చి, బ్యాడ్జీ పిన్ను తీసి కౌంటరు మీద పెట్టింది. "ఇది నీ దగ్గర ఉంచు వదినా" అంది.

"నా సొరుగులో ఏది పెట్టినా పోతుంది, మళ్ళీ చేయించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది, నువ్వే ఉంచుకో" అన్నాను. నా నోరు అంతే, అలాంటప్పుడు కూడా అదే అంటుంది. ఆమె బ్యాడ్జీ తీసుకోలేదు. ముఖం చూశాను. అన్నేళ్ళు రోజూ చూసిన ముఖం. టోకెను తీసి ఇచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని వెళ్ళి, కొత్తవాళ్ళు కూర్చునే బెంచీ మీద, గోడ పక్కన కూర్చుంది. డ్రైవరుగారు పక్కన కూర్చున్నాడు.

లోపలి మనిషి బయటికి రాగానే నంబరు పిలిచాను. నా గొంతు ఎప్పటిలాగానే ఉందని అనుకుంటున్నాను.

ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాను. అప్పుడు తోడక్క లేచింది. లేచి, ప్రతిరోజూ చేసినట్టే, ఆ నంబరు ఎవరిదా అని బెంచీలన్నీ చూసింది. కళ్ళు ఒక్కొక్కరి మీదా ఆగాయి. చెయ్యి ముందుకి చాపింది, ఎవర్నో లేపి లోపలికి తీసుకెళ్ళడానికి. ఎవరూ ఆ చెయ్యి అందుకోలేదు. "ఎవరిదమ్మా?" అంది చిన్నగా.

డ్రైవరుగారు లేచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "మనదే అక్కా" అన్నాడు.

నేను టోకెన్ల డబ్బా సర్దుతున్నట్టు తల దించుకుని ఏడ్చాను. ఇద్దరూ గది దాకా వెళ్ళారు. తలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు, ఆమె లోపలికి వెళ్ళింది.

చాలాసేపటికి చెక్క గోడ అవతలనుంచి కౌన్సిలరమ్మ గొంతు వినిపించింది, ఆ రోజు చప్పట్లు కొట్టాం కదండీ అని. కౌన్సిలరమ్మ బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చి, బ్యాడ్జీ తీయమని ఆవిడకి ఎవరు చెప్పారని నన్నడిగింది. ఎవరూ చెప్పలేదన్నాను. "తోడు మనిషికి మళ్ళీ రాకూడదని మనం ఎక్కడైనా రాశామా?" అంది. రాయలేదమ్మా, కానీ అందరం అలాగే అనుకుంటూ ఉన్నాం అన్నాను. ఆమె నా మీద కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆవిడ అడిగినప్పుడు బ్యాడ్జీ ఇవ్వండి అని వెళ్ళిపోయింది.

తోడక్కకి కొన్నాళ్ళు సెలవిచ్చారు, మందు మార్చారు. నీకు ఏది తిరిగి కావాలి అని ఆమెను కూడా అడిగారు. ఏమీ చెప్పకుండా కూర్చునే చోటు కావాలందట. అందుకని ఆమెకి కొలిచిన వైద్యం అదే అయింది. ప్రతి మంగళవారం వచ్చి, కిటికీ ఉన్న గదిలో కూర్చుంటుంది. మాట్లాడాలనిపిస్తే మాట్లాడుతుంది, లేకపోతే లేదు. భర్త తీసుకొచ్చి దింపుతాడు. మళ్ళీ కళ్ళేనా అని వాళ్ళక్క ఫోను చేసి అడిగిందట. "కళ్ళు కాదక్కా, మనసు. మొదటినుంచీ మనసే" అన్నాడట. అని చెప్పి నా కౌంటరు ముందు బెంచీ మీద కూలబడ్డాడు. నేను ఆయనకి మంచినీళ్ళిచ్చాను.

డ్రైవరుగారు ఇంకా రోడ్డెక్కలేదు. డిపో లోపల బస్సుల్ని కడిగే చోటు దాకా నడిపి, మళ్ళీ వరసలో నిలబెట్టే పని ఇచ్చారు. అదే చాలంటాడు. కొన్నిరోజులు చాలదంటాడు.

బ్యాడ్జీ చాలాకాలం నా సొరుగులో ఉంది. పోలేదు. ఒక పొద్దున తోడక్క వచ్చి చెయ్యి చాపితే తీసి ఇచ్చాను. ఆమెకి పూర్తిగా నయమైందని ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు. పెట్టుకుంది, వెళ్ళి కొత్తగా వచ్చిన ఒక పిల్లకి చెయ్యి అందించింది. చెక్క గోడ అవతల ఆమె చెబుతుంటే నేను పని ఆపి విన్నాను. చేతుల కథ అంతా చెప్పింది గానీ, నవ్వే చోట ఆగలేదు. పాత బస్సు సంగతి కూడా చెప్పింది. మధ్యలో రెండుసార్లు మాట తప్పిపోయి వెతుక్కుంది. అంత బాగా చెప్పలేదు. చివర్న ఆ పిల్ల అందరూ అడిగేదే అడిగింది, "మరి తగ్గిపోయిందా అక్కా?" అని.

"మంగళవారం నాకూ టోకెను ఉందమ్మా" అంది తోడక్క.